పిల్లల డిటెక్టివ్ పుస్తకాలు ఎందుకు పాతబడవు?

అన్నదమ్ములు ఫ్రాంక్, జో హార్డీల మొదటి పుస్తకం అమెరికాలో 1927లో వచ్చింది. నాన్సీ డ్రూ వచ్చింది 1930లో. ఇంగ్లండ్‌లో ఎనిడ్ బ్లైటన్ ‘ఫేమస్ ఫైవ్’ మొదలుపెట్టింది 1942లో, రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతున్నప్పుడు. నంబరు తిప్పే ఫోన్లనూ టెలిగ్రాములనూ ఎన్నడూ చూడని పిల్లలు ఈనాటికీ ఆ పుస్తకాలు చేతికొస్తే దించరు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టల్లో కాసేపు వెతికితే వీళ్లలో ఎవరో ఒకరు తగలకుండా ఉండరు.

ఇవి ఇంతకాలం ఎలా నిలిచాయి? గొప్ప సాహిత్యమా అంటే, చాలామటుకు కాదు. దొంగ ఎవరో సగం కథ కాకముందే పసిగట్టవచ్చు. చివరికి అంతా మంచే జరుగుతుందని మొదటి పేజీలోనే తెలుసు. అయినా పిల్లలు వదలరు. దీనికి నా దగ్గరున్న జవాబు ఒకటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. ఈ కథల్లో పిల్లలు కళ్లారా చూసినదానికి విలువ ఉంటుంది. ‘నీకేం తెలుసు, ఊరుకో’ అనిపించుకునే వయసులో, వాళ్లు గమనించిన ఒక చిన్న విషయం మీద కథంతా నిలబడుతుంది. ఆఖరికి పెద్దవాళ్లు దాన్ని ఒప్పుకొని తీరాల్సి వస్తుంది. అది ఎలా జరుగుతుందో ఒక్కొక్కటే చూద్దాం.

పిల్లవాడి మాటను పెద్దలు ఎలా నమ్ముతారు?

దీనికి అందరికన్నా చక్కటి జవాబు 1929లో జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్నర్ ఇచ్చాడు. ఆయన రాసిన ‘ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్’లో ఎమిల్ తండ్రి లేని పిల్లవాడు. తల్లి ఇంట్లోనే ఆడవాళ్లకు తల కడిగి, జుట్టు సింగారించి నాలుగు డబ్బులు సంపాదిస్తుంది. ఆమె పొదుపు చేసిన 140 మార్కులు జేబులో పెట్టుకొని, అందులో ఎక్కువ భాగం అమ్మమ్మకు ఇవ్వడానికి ఎమిల్ ఒంటరిగా బెర్లిన్ రైలెక్కుతాడు. డబ్బు పోతుందేమోనని భయపడి నోట్లను కోటు లోపలి జేబుకు గుండుసూదితో గుచ్చుకుంటాడు. దారిలో కునుకు పడుతుంది. లేచేసరికి డబ్బూ లేదు, ఎదుటి సీట్లో ఉన్న టోపీ పెద్దమనిషీ లేడు.

బెర్లిన్ వీధుల్లో పరిచయమైన పిల్లల సాయంతో ఆ మనిషిని వెంటాడి వెంటాడి, చివరికి ఒక బ్యాంకులో పట్టుకుంటాడు. అక్కడ వస్తుంది అసలు చిక్కు. నోటుకు నోటు ఒకేలా ఉంటుంది. ఇది నీదేనని రుజువేమిటి? సూటూబూటూ వేసుకున్న పెద్దమనిషి మాట ఒకవైపు, నలిగిన బట్టల్లో ఉన్న పిల్లవాడి మాట ఇంకోవైపు. అప్పుడు ఎమిల్‌కు గుండుసూది గుర్తొస్తుంది. నోట్లను వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. ఇంకెవరూ మాట్లాడటానికి ఏమీ మిగలదు.

ఈ ఘట్టంలో కెస్ట్నర్ చేసిన పని చూడండి. ఎమిల్ మంచివాడు కాబట్టి నమ్మమని ఆయన అడగలేదు. బ్యాంకువాళ్లు దయగలవాళ్లని కూడా రాయలేదు. ఎవరు పట్టుకొని చూసినా కనిపించే సాక్ష్యాన్ని పిల్లవాడి చేతికి ఇచ్చాడు. అదీ ఎమిల్ తన భయం కొద్దీ, తన బుద్ధి కొద్దీ చేసిన పని నుంచే పుట్టిన సాక్ష్యం. వయసుతో, హోదాతో నిమిత్తం లేకుండా నిజం నిలబడుతుందని ఒక పదేళ్ల పాఠకుడికి ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

ఇంతకీ పెద్దవాళ్లు ఎక్కడికి పోతారు?

ఇంట్లో దొంగ పడితే పోలీసులను పిలవాలి. కథ అక్కడితో అయిపోతుంది. అందుకే ఈ రచయితలందరికీ మొదటి పని పెద్దవాళ్లను తప్పించడం. దాన్ని ఎంత నమ్మేలా చేశారన్నదాన్ని బట్టే రచయిత పనితనం తెలుస్తుంది.

నాన్సీ డ్రూకు తల్లి లేదు. తండ్రి లాయరు, కూతురి మీద నమ్మకం ఉన్న మనిషి, పనుల్లో తలమునకలుగా ఉంటాడు. హార్డీ సోదరుల తండ్రి స్వయంగా పేరున్న డిటెక్టివ్, కానీ తరచూ ఊళ్లో ఉండడు. ఫేమస్ ఫైవ్‌లో అంకుల్ క్వెంటిన్ శాస్త్రవేత్త. పిల్లల గోల ఆయనకు పడదు, కాబట్టి వాళ్లు రోజంతా బయట తిరిగితేనే ఇంటికి సుఖం. ఎమిల్ సంగతి వీటన్నిటికన్నా బాగుంటుంది. ఊళ్లో ఒక విగ్రహానికి ముక్కుకు రంగు పూసి, మీసాలు గీసిన తప్పు వాడి మీద ఉంది. పోలీసుల దగ్గరికి వెళితే ముందు తననే పట్టుకుంటారని వాడి భయం. పిల్లల మనసు తెలిసినవాడు మాత్రమే రాయగల కారణం అది.

పెద్దవాళ్లు పూర్తిగా మాయం కారన్నది కూడా గమనించాలి. మొదట్లో అనుమతి ఇస్తారు, చివర్లో వచ్చి దొంగను తీసుకుపోతారు. నడిమి భాగమంతా పిల్లలదే. ఆ హద్దు ఉండబట్టే కథలో ఎంత ప్రమాదం వచ్చినా చదివే పిల్లలకు లోలోపల ధైర్యం ఉంటుంది.

దొంగతనాలే ఎందుకు ఎక్కువ?

ఈ పుస్తకాల్లో నేరాలు చాలావరకు దొంగతనాలు, దొంగనోట్లు, స్మగ్లింగ్, మాయమైన వీలునామాలు, అప్పుడప్పుడూ కిడ్నాపులు. నాన్సీ మొదటి పుస్తకంలో అసలు గొడవ ఒక ముసలాయన వీలునామా గురించి. దాని జాడ తెలిపే నోటుపుస్తకం పాత గడియారంలో దాగి ఉంటుంది. అది దొరికితే ఆయన్ను ప్రేమగా చూసుకున్న పేద బంధువులకు ఆస్తి దక్కుతుంది, దొరక్కపోతే పొగరుబోతు కుటుంబానికి పోతుంది.

హత్య జరిగితే పోయినదాన్ని తిరిగి తేలేం. దొంగతనమైతే పోయినది దొరుకుతుంది, ఎవరిది వాళ్లకు చేరుతుంది. చిన్న పిల్లలకు న్యాయం అంటే ముందు అర్థమయ్యేది ఇదే. దొంగకు ఎన్నేళ్లు జైలు అన్నది వాళ్లకు పట్టదు. అమ్మ కష్టార్జితం అమ్మమ్మకు చేరిందా లేదా అన్నదే కావాలి.

నేరం చిన్నది కావడం వల్ల ఆధారాలు కూడా పిల్లల అందుబాటులో ఉంటాయి. బూటు గుర్తు, చిరిగిన గుడ్డపేలిక, రాత్రిపూట పాడుబడ్డ మేడలో వెలిగిన దీపం. వీటికి లేబొరేటరీ అక్కర్లేదు, చురుకైన కళ్లుంటే చాలు. బ్లైటన్ రాసిన ‘ఫైవ్ ఫైండ్ అవుటర్స్’ పుస్తకాల్లో ఫ్యాటీ అనే పిల్లవాడు తాళం వేసిన గదిలోంచి బయటపడే ఉపాయం చూపిస్తాడు. తాళంచెవి అవతలి వైపు తాళంలోనే ఉండాలి. తలుపు కింది సందులోంచి వార్తాపత్రికను అవతలికి తోసి, తీగతో తాళంచెవిని పొడిస్తే అది కాగితం మీద పడుతుంది. కాగితాన్ని మెల్లగా లాగితే చెవి మన చేతికొస్తుంది. నారింజరసంతో కాగితం మీద రాస్తే అక్షరాలు కనిపించవు, వేడి ఇస్త్రీపెట్టె పెడితే బయటపడతాయి. చదివిన పిల్లలు అదే రోజు ఇంట్లో చేసి చూడగల పనులివి. పుస్తకం మూసినా ఆట ఆగదు.

ఒక్కరు చాలరా, జట్టు ఎందుకు?

పెద్దల డిటెక్టివ్ సాధారణంగా ఒంటరి మేధావి. పిల్లల డిటెక్టివ్‌కు మాత్రం జట్టు కావాలి. జట్టులో అందరూ తెలివైనవాళ్లే అయితే చదివే పిల్లలకు చోటుండదు. అందుకే ఒకరు ఆలోచిస్తారు, ఒకరు చెట్లెక్కి గోడలు దూకుతారు, ఒకరు లైబ్రరీలో వెతుకుతారు, ఒకరు భయపడుతూనే వెంట వస్తారు. చదివే పిల్లలు ఎవరిలోనో ఒకరిలో తమను చూసుకుంటారు.

ఎమిల్ కథలో అందరికన్నా చిన్నవాడు ఒకడున్నాడు. వాడి పని ఇంట్లో ఫోను పక్కన కూర్చోవడం. మిగతావాళ్లు వీధుల్లో దొంగ వెంట పరుగులు పెడుతుంటే వాడు కదలకుండా, ఎవరు ఫోన్ చేసినా కబురు అందుకొని ఇంకొకరికి చెబుతాడు. అందరికీ మించిన సాహసం తనకు దక్కకపోయినా అప్పగించిన పని వదల్లేదు. కథ చివర్లో ఎమిల్ అమ్మమ్మ ప్రత్యేకంగా మెచ్చుకునేది వాడినే. జట్టులో చిన్నవాళ్లమని, వెనకబడ్డామని బాధపడే పిల్లలకు ఆ రెండు మాటలు ఎంత బలమిస్తాయో చెప్పనక్కర్లేదు.

1964లో అమెరికన్ రచయిత రాబర్ట్ ఆర్థర్ మొదలుపెట్టిన ‘త్రీ ఇన్వెస్టిగేటర్స్’లో ఈ జట్టు ఇంకో మెట్టు ఎక్కింది. జూపిటర్, పీట్, బాబ్ అనే ముగ్గురికి ఊళ్లో ఏదైనా వస్తువు ఆచూకీ కావాలంటే ఒక్కొక్కరు ఐదుగురు స్నేహితులకు ఫోన్ చేస్తారు. ఆ ఐదుగురూ తలా ఐదుగురికి చేస్తారు. మొదటి విడతలో 15 మంది, రెండో విడతలో 75, మూడో విడతలో 375. సాయంత్రానికి ఊళ్లో పిల్లలందరూ వెతుకుతుంటారు. పిల్లలను ఎవరూ పట్టించుకోరు కాబట్టే వాళ్లు ఎక్కడైనా తిరగగలరు, ఏదైనా చూడగలరు. చిన్నవాళ్లు కావడమే ఇక్కడ వాళ్లకు కలిసొచ్చింది.

రహస్య స్థావరం అంటే ఎందుకంత ఇష్టం?

జూపిటర్ బాబాయి టైటస్‌కు పాత సామాన్ల యార్డు ఉంది. పిన్ని మెటిల్డా కంట పడితే ఏదో ఒక పని చెబుతుంది. ఆమె కంట పడకుండా ఉండటానికి ముగ్గురూ యార్డులో పనికిరాకుండా పడి ఉన్న చక్రాల ఇంటి చుట్టూ తుక్కు పేర్చి దాన్ని అందరూ మరిచిపోయేలా చేస్తారు. లోపలికి దారి ఒక పాత ఇనుప గొట్టంలోంచి పాక్కుంటూ. లోపల బల్ల, టైపురైటరు, ఫోటోలు కడిగే చీకటి గది. ఫోనుకు లౌడ్‌స్పీకర్ జూపిటర్ తుక్కులోంచి ఏరి తయారు చేసిందే. ఫోను బిల్లు కూడా పాత సామాన్లు బాగుచేసి సంపాదించిన డబ్బుతో వాళ్లే కడతారు.

పిల్లలకు ఇంట్లో తమదంటూ ఉండే చోటు తక్కువ. గది తమదైనా తలుపు తమది కాదు. ఈ చోటును వాళ్లు తమ చేతులతో కట్టుకున్నారు, ఖర్చు తామే భరిస్తున్నారు. దొంగను పట్టుకోవడం కన్నా ఈ గొట్టంలోంచి పాకడమే చాలామందికి ఎక్కువ గుర్తుంటుంది.

ఇన్ని పుస్తకాలు ఎవరు రాశారు? ఎలా?

హార్డీ బాయ్స్ అట్టల మీద ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్ అని, నాన్సీ డ్రూ మీద కరోలిన్ కీన్ అని ఉంటుంది. ఆ పేర్లతో మనుషులు లేరు. ఇవి న్యూజెర్సీకి చెందిన ఎడ్వర్డ్ స్ట్రేట్‌మేయర్ అనే వ్యాపారి ఆలోచనలు. ఆయన తన సిండికేట్‌లో కథకు ప్రణాళిక రాసి ఇచ్చేవాడు, దాన్ని పుస్తకంగా రాసిపెట్టేది తెర వెనక రచయితలు. ప్రతి అధ్యాయం ఉత్కంఠ దగ్గర ఆగాలి. ముందు వచ్చిన పుస్తకాల ప్రస్తావన లోపల ఎక్కడో రావాలి, తర్వాత రాబోయేది చివర్లో ఊరించాలి. కొత్త సిరీస్ మొదలుపెడితే మొదటి మూడు పుస్తకాలూ ఒకేసారి విడుదల చేసేవారు. ఒకటి నచ్చిన పిల్లవాడికి వెంటనే రెండోది కావాలి, ఆ ఆకలి చల్లారకముందే అందాలి. ధర కూడా 50 సెంట్లే, అంటే పిల్లలు తమ డబ్బుతో తామే కొనుక్కోగలిగేంత.

మొదటి హార్డీ పుస్తకం రాసింది కెనడా పత్రికా రచయిత లెస్లీ మెక్‌ఫార్లేన్. ఆయనకు ముట్టింది 125 డాలర్లు. రాయల్టీ లేదు, పేరు లేదు. తొలి నాన్సీ డ్రూ రాసింది అయోవా నుంచి వచ్చిన మిల్‌డ్రెడ్ విర్ట్. ఆవిడ తర్వాత టొలీడో నగరంలో పత్రికా రచయితగా స్థిరపడి, 2002లో 96 ఏళ్ల వయసులో చనిపోయేదాకా కాలమ్ రాస్తూనే ఉంది. నాన్సీని నడిపించిన కలం ఆవిడదని లోకానికి గట్టిగా తెలిసింది 1980లో, ప్రచురణకర్తల మధ్య కోర్టు కేసులో ఆవిడ సాక్ష్యం చెప్పినప్పుడు.

నాన్సీ పుట్టిన కొద్ది రోజులకే, 1930 మేలో స్ట్రేట్‌మేయర్ పోయాడు. కూతురు హ్యారియెట్ ఆడమ్స్ పగ్గాలు పట్టి ఐదు దశాబ్దాలు నడిపింది. ప్రణాళిక ఇచ్చిన వ్యాపారి, అజ్ఞాతంగా రాసిన జర్నలిస్టు, కొనసాగించిన కూతురు కలిసి తయారు చేసిన ఆ పిల్ల 1930లోనే నీలిరంగు కారు సొంతంగా నడుపుకుంటూ, ఎవరి అనుమతికీ ఎదురుచూడకుండా తిరిగింది. అమెరికా సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్, ఆమె తర్వాత రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, సోనియా సోటొమేయర్ చిన్నప్పుడు నాన్సీని చదివి ఇష్టపడినవాళ్లే.

ఒకేలాంటి కథను మళ్లీ మళ్లీ ఎందుకు చదువుతారు? దానివల్ల నష్టం లేదా?

పెద్దలకు ఎప్పటినుంచో ఉన్న బెంగ ఇది. 1914లో అమెరికా బాయ్ స్కౌట్ల లైబ్రేరియన్ ఫ్రాంక్లిన్ మాథ్యూస్, చవక సిరీస్ పుస్తకాలు పిల్లల మెదళ్లను పాడుచేస్తున్నాయని ఘాటుగా రాశాడు. ఎన్నో లైబ్రరీలు నాన్సీనీ హార్డీలనూ గుమ్మం తొక్కనివ్వలేదు. ఇంగ్లండ్‌లో బీబీసీ ఏళ్ల తరబడి బ్లైటన్ రచనలను దూరం పెట్టింది.

కానీ చదవడం ఇంకా పూర్తిగా పట్టుబడని పిల్లలకు ఏ పుస్తకంలోనైనా మొదటి ఇరవై పేజీలే కొండ. ఎవరు ఎవరు, ఏ ఊరు, ఎవరికి ఎవరేమవుతారు అన్నది తేలేలోపు విసుగు పుడుతుంది. సిరీస్‌లో రెండో పుస్తకానికి ఆ కొండ ఉండదు. మనుషులు తెలుసు, ఇల్లు తెలుసు, కుక్క పేరు తెలుసు. కాబట్టి నేరుగా కథలోకి దిగిపోతారు. పది పుస్తకాలు పూర్తయ్యేసరికి వేల వాక్యాలు కళ్ల ముందు నుంచి పోతాయి. చదువు అలవాటుగా మారేది అలాగే. కెనడాలో లైబ్రరీ శాస్త్రం బోధించిన కేథరిన్ షెల్డ్రిక్ రాస్ జీవితమంతా ఇష్టంగా చదివే మనుషులతో మాట్లాడినప్పుడు, వాళ్లలో చాలామంది ఇలాంటి సిరీస్ పుస్తకాలతోనే మొదలుపెట్టారని తేలింది.

కాబట్టి మీ ఇంట్లో పిల్లలు ఒకే సిరీస్ వరసపెట్టి చదువుతుంటే కంగారు పడొద్దు. ఆపవద్దు. వాళ్లకు ఇక చాలనిపించిన రోజు వాళ్లంతట వాళ్లే పక్క అరవైపు చెయ్యి చాపుతారు. అప్పటికి ఆ అరలో మంచి పుస్తకాలు ఉండేలా చూడటమే మన పని.

కాలం మారితే పుస్తకాలనూ మార్చాలా?

పాత పుస్తకాల్లో అంగీకరించలేనివి ఉన్నాయి. తొలి నాన్సీ, హార్డీ పుస్తకాల్లో నల్లవాళ్లను, వలస వచ్చినవాళ్లను కించపరిచే చిత్రణలు చాలా ఉండేవి. 1959 నుంచి సిండికేట్ వాటిని తిరగరాయించింది. 25 అధ్యాయాలు 20కి తగ్గాయి, వేగం పెరిగింది, పదహారేళ్ల నాన్సీ పద్దెనిమిదేళ్లదైంది. అవమానకరమైన మాటలు పోయాయి. అయితే చాలాచోట్ల ఆ మనుషులను గౌరవంగా చూపించే బదులు కథలోంచే తీసేశారు. అది సగం దిద్దుబాటే.

బ్లైటన్ విషయంలో మరో రకం పొరపాటు జరిగింది. 2010లో ప్రచురణకర్తలు ఫేమస్ ఫైవ్ భాషను ఈనాటి మాటల్లోకి మార్చారు. పాఠకులకు రుచించలేదు. కొన్నేళ్లకు పాత పాఠానికే తిరిగి వచ్చారు. దీన్నిబట్టి నాకర్థమైంది ఇది: మనిషిని తక్కువచేసే రాతను దిద్దాల్సిందే. పాతకాలపు మాటతీరును మాత్రం పిల్లలు హాయిగా దాటేస్తారు, వాళ్లను మనం తక్కువ అంచనా వేయకూడదు.

పెద్దయ్యాక కూడా ఎందుకు వదలరు?

త్రీ ఇన్వెస్టిగేటర్స్ అసలు సిరీస్ పుట్టింట్లో 43 పుస్తకాల దగ్గర, 1987లో ఆగిపోయింది. జర్మనీలో మాత్రం ఆ పుస్తకాలు 1968 నుంచి నేటిదాకా బతికే ఉన్నాయి. అమెరికాలో ఆగిపోయాక జర్మన్ రచయితలే కొత్త కథలు రాస్తున్నారు. 1979లో యూరోపా సంస్థ వాటిని శ్రవ్య నాటకాలుగా క్యాసెట్లలో తెచ్చింది. అప్పట్లో ముగ్గురు కుర్రాళ్లకు గొంతునిచ్చిన ఆలివర్ రోర్‌బెక్, యెన్స్ వావ్రచెక్, ఆండ్రియాస్ ఫ్రోలిష్ నిజంగానే టీనేజీ పిల్లలు. అరవై దగ్గర పడినా వాళ్లే ఆ పాత్రలకు గొంతునిస్తూ వచ్చారు, ఎపిసోడ్లు రెండు వందలు దాటాయి. 2014లో బెర్లిన్ వాల్డ్‌బ్యూనే ఆరుబయలు వేదికలో ఆ నాటకం వినడానికి సుమారు 20 వేల మంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు క్యాసెట్లు విన్న పెద్దవాళ్లే.

ఇందులో జ్ఞాపకాల తీపి ఉంది, కాదనను. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. పెద్దల జీవితంలో సమస్యలు తేలవు, ఎవరిది తప్పో సగంసార్లు తెలియదు, గమనించినదాన్ని చెప్పినా వినేవాళ్లుండరు. జాగ్రత్తగా చూస్తే నిజం దొరుకుతుందన్న మాటను గంటసేపు మళ్లీ నమ్మాలని ఎవరికైనా ఉంటుంది.

మనకు ఇలాంటివి లేవా?

మన దేశంలో దీనికి దీటైన ఉదాహరణ సత్యజిత్ రాయ్ ఫెలూదా. 1965లో ‘సందేశ్’ అనే బెంగాలీ పిల్లల పత్రికలో మొదలైంది. ఫెలూదా పెద్దవాడే, కానీ కథ చెప్పేది అతని వెంట తిరిగే కుర్రాడు తోప్షే. పిల్లవాడి కళ్లతో డార్జిలింగ్, లక్నో, కాశీ, జైసల్మేర్ చూస్తాం. జైసల్మేర్ కోటకు బెంగాలీ యాత్రికులు ఇవాళ్టికీ ఫెలూదా నవల పేరు చెప్పుకుని ‘సోనార్ కెల్లా’ చూడాలనే వెళతారు. ఊరి పేరు నిజమైతే కథకు ఎంత బలమో దీనివల్ల తెలుస్తుంది.

తెలుగులో డిటెక్టివ్ సాహిత్యానికి లోటు లేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు కోసం అద్దె పుస్తకాల షాపుల ముందు జనం పడిగాపులు కాశారు. కానీ అవి పెద్దలకు రాసినవి. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు పిల్లలకు అద్భుతమైన సాహసాలు పంచాయి. కానీ అవి రాజులూ మాంత్రికుల లోకం. మన వీధిలో, మన బడి పిల్లలే జట్టుకట్టి, మన పోలీస్ స్టేషన్ మెట్లెక్కి, తమ ఆధారం బల్ల మీద పెట్టే కథలు సిరీస్‌గా ఏళ్ల తరబడి రావాల్సిన అవసరం ఇంకా ఉంది.

దానికేం కావాలో పైన చూశాం. రచయితకు బాగా తెలిసిన ఒక ఊరు, వేర్వేరు స్వభావాల నలుగురు పిల్లలు, పెద్దలను నమ్మేలా తప్పించే కారణం, చేతిలో పట్టుకొని చూపించగల ఆధారం, పిల్లల జేబుకు అందే ధర. ఒక్క పుస్తకం రాసి ఊరుకుంటే సరిపోదు. మొదటి మూడూ కలిపి తేవాలి, నాలుగోది ఎప్పుడని పిల్లలు అడుగుతుండగానే అది షాపులో ఉండాలి. తెలుగు చదవడం తగ్గిపోతోందని దిగులుపడే ప్రచురణకర్తలూ రచయితలూ మొదలుపెట్టడానికి ఇంతకన్నా పరీక్షకు నిలిచిన దారి నాకు కనిపించడం లేదు.